గురువారం నేనుంటాను

 

ఈ ధర్మనిధి ఉపన్యాసానికి ఒక షరతు ఉంది. ఎవరి జ్ఞాపకార్థం మనం ఇక్కడ కూర్చున్నామో ఆయన పేరు ఆహ్వాన పత్రికలోనూ, తర్వాత అచ్చయ్యే ప్రతిలోనూ ఉండకూడదని ఆయన భార్య నిధి పత్రంలోనే రాయించారు. మాదన్నపేట వాళ్లకు ఇందులో వింత లేదు. మండీ వెనక సందులో ఆయన నలభై ఏళ్లు కూర్చున్న గది మీద ‘దవాఖానా’ అన్న ఒక్క మాటే ఉండేది, తెలుగులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి. డిగ్రీల్లేవు, వేళల్లేవు. బయట స్కూటర్ ఉంటే డాక్టర్ సాబ్ ఉన్నట్టు. గోల్కొండ 1687లో కూలక ముందే తానీషా మంత్రి మాదన్నను చంపేశారు, పేట మాత్రం ఇంతవరకు ఆయన పేరు వదల్లేదు. అలాంటి పేటలో, పేరు వద్దన్న మనిషి గురించి మాట్లాడడానికి వచ్చాను. నేనూ డాక్టర్ సాబ్ అనే అంటాను.

నాకిచ్చిన అంశం బోర్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్. పదిహేను నుంచి పాతికేళ్ల మధ్య పిల్లలకు అది వస్తే బస్తీ స్థాయిలో ఏం వైద్యం చేయగలం అన్నది ప్రశ్న. ఇంత పొడుగు పేరు నా చీటీ మీద పట్టదమ్మా అని డాక్టర్ సాబ్ అనేవారు. పేరు గురించి ఆయనకూ నాకూ పేచీ ఉంది, దానికి తర్వాత వస్తాను.

ఒక తల్లి మాటలతో మొదలుపెడతాను. మండీలో ఆకుకూరలమ్మే మనిషి. ఆనవాళ్లు దొరక్కుండా వివరాలు మార్చాను. ఇంటర్ రెండో ఏడు చదివే కూతుర్ని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి బెంచీ మీద కూలేసి, “అన్నీ నాటకాలు సార్” అంది. “పొద్దుగాల ‘అమ్మా, నువ్వు లేకుంటే సచ్చిపోత’ అంటది. పొద్దుగూకేసరికి ‘నువ్వు నా తల్లివే కాదు పో’ అంటది. దోస్తు పిల్ల ఫోన్ల మెసేజీ చూసి జవాబియ్యలేదంట. గంతదానికే చెయ్యి కోసుకున్నది.” పిల్ల గోడకేసి తిరిగి కూర్చుంది. పొడుగు చేతుల చొక్కా, మే నెలలో.

ఆ తల్లి ఒక్క గుక్కలో చెప్పినంత బాగా మా పుస్తకాలు చెప్పలేదు. వదిలేస్తారేమోనన్న భయం, మనుషులను ఆకాశానికెత్తి అంతలోనే నేలకేసి కొట్టడం, గంటకో తీరుగా మారే మనసు, తనెవరో తనకే తెలియనితనం, తనను తాను గాయపరచుకోవడం. అమెరికా వాళ్ల వర్గీకరణలో ఈ జబ్బు చోటు చేసుకుంది 1980లో. ఇప్పుడు తొమ్మిది లక్షణాల్లో అయిదుంటే చాలంటారు. లెక్కేస్తే ఒకే జబ్బుకు 256 ముఖాలు! అసలు ‘సరిహద్దు’ అన్న మాట 1938లో అడాల్ఫ్ స్టెర్న్ వాడింది. మామూలు మనోవ్యథకూ మతిభ్రమకూ నడుమ ఉన్న రోగులని ఆయన ఉద్దేశం. ఆ సరిహద్దును ఎప్పుడో చెరిపేసుకున్నాం, పేరు మాత్రం అంటిపెట్టుకుని ఉంది. 2022 నుంచి అమల్లో ఉన్న ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ వేరే దారి పట్టింది. ముందు ఇబ్బంది ఎంత తీవ్రమో చూడమంటుంది, బోర్డర్‌లైన్ తీరు ఉందా లేదా అన్నది ఆ తర్వాతి సంగతి.

మలక్‌పేట గంజ్‌లో మిర్చి బస్తా దులిపితే దారిన పోయేవాళ్లందరూ దగ్గుతారు. గొంతు పుండైన వాడికి మాత్రం ఊపిరాడదు. ఘాటు అందరికీ ఒకటే. ఈ పిల్లల మనసు ఆ గొంతులాంటిది. జవాబు రాని మెసేజీ మనకు చిరాకు, ఆ పిల్లకు ప్రాణగండం. ‘గంతదానికే’ అని మనం అన్నప్పుడల్లా ఆ పుండు మీద ఇంకొంచెం కారం పడుతుంది.

నా తప్పు కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పీజీ చేసే రోజుల్లో ఒక పెద్దాసుపత్రిలో అర్ధరాత్రి డ్యూటీలో ఇలాంటి పిల్లే వచ్చింది. ఆ నెలలో అది మూడోసారి. కేస్‌షీట్‌లో ‘అటెన్షన్ సీకింగ్’ అని రాశాను. పొద్దున సీనియర్ అది చదివి నవ్వాడు, నేనూ నవ్వాను. ఆ పిల్ల మళ్లీ మా దగ్గరికి రాలేదు. ఎటు పోయిందో నాకు తెలియదు. చాలా ఏళ్ల తర్వాత ఈ సంగతి డాక్టర్ సాబ్‌కు చెబితే ఆయన మందలించలేదు. “ఆకలైనోడు అన్నమడుగుతే ‘అన్నం సీకింగ్’ అని రాస్తమా?” అన్నారంతే.

మన ఊళ్లో ఇంకో మాట ఉంది, ఎర్రగడ్డ. అక్కడి మానసిక వైద్యశాల ఎంతమంది ప్రాణాలు నిలబెట్టిందో నాకు తెలుసు. కానీ హైదరాబాద్‌లో ఆ చోటి పేరే తిట్టయి కూర్చుంది. ‘ఎర్రగడ్డకు రాస్తున్నా’ అని బస్తీ డాక్టర్ అన్నప్పుడు ఆ పిల్ల చెవికి వినబడేది ఒకటే: వీళ్లు కూడా నన్ను వదిలించుకుంటున్నారు. వదిలేస్తారన్న భయమే జబ్బుగా వచ్చిన మనిషికి మనం రాసే మొదటి మందు, వేరే చోటికి పంపించే చీటీ. నేనివాళ ఎన్ని అధ్యయనాలు ఏకరువు పెట్టినా చెప్పదలచుకున్నది ఈ ఒక్క సంగతే.

అధ్యయనాల సంగతి కూడా చూద్దాం. ఈ జబ్బుకు వైద్యం లేదని, ఈ రోగులు మారరని మా గురువులు నమ్మారు, మాకూ నేర్పారు. అది తప్పని చూపించిన వాళ్లలో మార్షా లైనహన్ ముందుంటారు. కోపం, దుఃఖం ఉప్పెనలా వచ్చినప్పుడు తట్టుకునే నైపుణ్యాలను పాఠాల్లా నేర్పించే డయలెక్టికల్ బిహేవియర్ థెరపీ ఆమెది. 1993లో పుస్తకంగా వచ్చింది. 2011లో ఆమె అసలు కథ బయటపెట్టారు. 1961లో పదిహేడేళ్ల వయసులో హార్ట్‌ఫర్డ్‌లోని ఆసుపత్రిలో చేరి రెండేళ్లకు పైగా ఉన్న రోగి తానేనని! ఇక మేరీ జనారిని బృందం 1992 నుంచి 290 మంది రోగులను వదలకుండా వెంబడించింది. పదేళ్లలో 93 శాతం మంది కనీసం రెండేళ్ల పాటు జబ్బు లక్షణాల నుంచి బయటపడి ఉన్నారు. చదువూ ఉద్యోగమూ స్నేహాలూ కూడా కుదుటపడి పూర్తిగా నిలదొక్కుకున్నవాళ్లు మాత్రం సగమే. లక్షణాలు పోవడం వేరు, బతుకు కుదురుకోవడం వేరు. ఆ రెండో సగం పదిహేడేళ్ల వయసులో చదువు ఆగిపోవడం దగ్గరే చేజారిపోతుందని నా అనుమానం. అందుకే పద్దెనిమిది నిండేదాకా ఈ జబ్బు ఊసెత్తకూడదన్న పాత నియమం మీద నాకు గౌరవం లేదు.

నన్ను కుర్చీలో నిటారుగా కూర్చోబెట్టిన అధ్యయనాలు మాత్రం రెండు. టొరంటోలో 180 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఏడాది పాటు లైనహన్ పద్ధతి, ఇంకో గుంపుకు అనుభవమున్న మనోవైద్యులు పద్ధతిగా, క్రమం తప్పకుండా చూసే మామూలు వైద్యం. 2009లో ఫలితాలొచ్చాయి. రెండు గుంపులూ బాగుపడ్డాయి, తేడా దాదాపు లేదు. రెండోది మెల్‌బోర్న్‌లో ఆండ్రూ చానెన్ బృందం చేసింది. వాళ్లు ఈ పిల్లల కోసమే హైప్ అనే క్లినిక్ నడుపుతారు. 15 నుంచి 25 ఏళ్ల వాళ్లు 139 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు హైప్ క్లినిక్‌లో ప్రత్యేక మానసిక చికిత్స, రెండో గుంపుకు అదే క్లినిక్‌లో చికిత్సకు బదులు క్రికెట్టో సినిమాలో మాట్లాడుకునే ‘స్నేహపు కబుర్లు’. మూడో గుంపుకు మామూలు యువజన ఆరోగ్య కేంద్రంలో అవే కబుర్లు. 2021 చివర్లో లెక్కలు చూస్తే మూడు గుంపులూ ఇంచుమించు ఒకేలా మెరుగయ్యాయి.

కబుర్లతో జబ్బు పోతుందని దీనర్థం కాదు. ఏ సాయమూ అందని గుంపు ఆ పరీక్షలో లేదు, కబుర్లు చెప్పిన వాళ్లూ శిక్షణ పొందినవాళ్లే. లైనహన్ పద్ధతినీ తీసిపారేయలేం. నార్వేలో 77 మంది పిల్లల మీద 2014లో చేసిన పరీక్షలో గాయపరచుకోవడాన్ని అది బాగా తగ్గించింది. కానీ మెల్‌బోర్న్ మూడు గుంపుల్లోనూ ఉన్నదేమిటో చూడండి. ఒక తలుపు, ఒక రోజు, ఒక వేళ, చెప్పిన వేళకు అక్కడ కూర్చుని ఉన్న ఒక మనిషి.

మన డాక్టర్ సాబ్ ఆ పరీక్షల పేరు కూడా వినలేదు. గురువారం మధ్యాహ్నం రెండున్నరకు, మండీ సద్దుమణిగాక, ఆయన దగ్గరికి ‘ఆ పిల్లలు’ వచ్చేవారు. జ్వరాలూ దగ్గులూ వాళ్ల తర్వాతే. మనిషికి పది నిమిషాలు, మహా అయితే పావుగంట. నాలుగే ప్రశ్నలు. ఈ వారం ఎవరితో ఏమైంది? ఒంట్లో ఎక్కడ తెలిసింది? అప్పుడేం చేశావ్? ఆ పని చేసే ముందు నిమిషంలో ఎవరన్నా తలుపు కొట్టి ఉంటే ఏమయ్యేది? ఈ నాలుగో ప్రశ్న నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు. జవాబు సాధారణంగా, ‘తలుపు తీసేదాన్ని సార్’ అని వచ్చేది. అయితే ఈ వారం ఎవరి తలుపు నువ్వే కొడతావో చెప్పు అనేవారు. మేనత్తదో, పక్కింటి టైలర్ ఖాలాదో, ఒక పేరు చీటీ మీద రాసిచ్చేవారు.

యాకుత్‌పురా నుంచి వచ్చే ఒకమ్మాయికి, కోపం తలకెక్కినప్పుడు ముఖం చల్లటి నీళ్లలో ముంచమని నేను నేర్పించబోయాను. ముఖానికి చన్నీళ్లు తగిలితే గుండె వేగం తగ్గుతుంది, లైనహన్ పాఠాల్లో అదొకటి. ఆ పిల్ల నన్ను పైనుంచి కిందికి చూసి, “మేడమ్, కోపమొస్తే వజూ చేసుకోమని మా నానీ చిన్నప్పటి నుంచి చెప్తనే ఉన్నది. మీ ఫీజు ఎంత?” అంది. డాక్టర్ సాబ్ కళ్లల్లో నీళ్లు తిరిగేలా నవ్వారు. ఆ పిల్ల మెడలో తాయెత్తు ఉండేది. తీసేయమని ఆయన ఎప్పుడూ అనలేదు, కట్టినవాళ్లు దాని మీద ప్రేమ కూడా కట్టారనేవారు.

ఆకుకూరలమ్మ కూతురి చీటీ ఒకటి నా దగ్గరుంది. అచ్చు మందుల చీటీయే. మందుల చోట ఇలా ఉంటుంది: ‘గురువారం 14న నేను రాను. కరీంనగర్‌లో పెళ్లి. 21న రెండున్నరకు ఉంటాను.’ కింద సంతకం, ముద్ర. మూడు వారాల ముందే రాసిచ్చారు. ఆ పిల్ల చదివి, ‘మీరూ అంతే’ అని నాలుగు ముక్కలు చేసి బల్ల మీద పడేసింది. ఆయన ఇంకో చీటీ తీసి అవే మాటలు మళ్లీ రాశారు. 14న ఆ పిల్ల వచ్చి, మూసిన షట్టర్ ముందు మెట్ల మీద నాలుగింటి దాకా కూర్చుందని కాంపౌండర్ భాయ్ చూశాడు. 21న రాలేదు. ఆ పావుగంట ఆయన కుర్చీ ఖాళీగానే ఉంచి, ఎవర్నీ పిలవలేదు. 28న వచ్చి, “మొన్న నా టైముల ఎవర్ని చూసిన్రు?” అని అడిగింది. ఎవర్నీ చూడలేదమ్మా, ఫ్యాన్ చూసుకుంటూ కూర్చున్నా అన్నారు. ఆ పిల్లకు జబ్బు మలుపు తిరిగింది అక్కడేనని నా లెక్క. ఆయన ఒప్పుకునేవారు కాదు, ఇంటర్ పాసయ్యాకే అనేవారు.

మందుల విషయం క్లుప్తంగా ముగిస్తాను. ఈ జబ్బుకంటూ పనిచేసే మాత్ర లేదు. ఈ జబ్బు కోసమని మందులు వాడొద్దని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2009లోనే చెప్పింది. అయినా పిల్లలు పాలిథిన్ సంచీలో అయిదారు స్ట్రిప్పులు పట్టుకొస్తారు. ప్రతి ఆపదకూ ఒకటి చేర్చారు, ఏదీ తీసేయలేదు. తోడుగా డిప్రెషన్ ఉంటే దానికి మందివ్వాలి. మిగతావి ఒక్కొక్కటిగా, మెల్లగా తగ్గించాలి. అంతే.

మగపిల్లల సంగతికి మాత్రం ఆగాలి. ఈ జబ్బు ఆడపిల్లలదన్న పేరుంది. అమెరికాలో ఇళ్లకు వెళ్లి చేసిన పెద్ద సర్వేలో 2008లో తేలిందేమిటంటే ఆడామగా తేడా దాదాపు లేదని. మరి క్లినిక్‌లో మగపిల్లలెందుకు కనబడరు? పాత ఈద్గా వైపు బైకు మెకానిక్ షెడ్డులో పనిచేసే ఒక కుర్రాడు, ఉస్తాద్ ఒక మాటన్నాడని అద్దం మీద పిడికిలితో గుద్దాడు. అదే పని చెల్లెలు చేస్తే ‘సాయా పట్టింది’ అని దర్గాకు తీసుకెళ్లేవాళ్లు. వాడిని ఠాణాకు తీసుకెళ్లారు. ఆ గురువారాల బెంచీ మీద పదకొండు మందిలో మగపిల్లలు ఇద్దరే. మిగతావాళ్లు ఎక్కడ కూర్చున్నారో పోలీసుల రిజిస్టర్లలో వెతకాలి.

రాత్రి వేళ సంగతి కూడా చెప్పాలి. తెలంగాణలో ఆత్మహత్యలు 2022లో లక్షకు 26.3 అని జాతీయ నేర గణాంకాలు చెప్పాయి, దేశమంతటికీ 12.4. డాక్టర్ సాబ్ తన ఇంటి నంబరు ఇచ్చేవారు కాదు. చాలామందికి ఇది కఠినంగా తోస్తుంది. నిలబెట్టుకోలేని మాట ఇవ్వడం కన్నా ఇదే దయ అని నేనంటాను. రాత్రి ప్రాణం మీదికొస్తే ఉస్మానియా క్యాజువాలిటీ, మాట్లాడాలనిపిస్తే హెల్ప్‌లైన్ అని ముందే చెప్పేవారు. 2022 అక్టోబర్ నుంచి టెలీ మానస్ నంబరు 14416 తెలుగులోనూ ఉర్దూలోనూ పలుకుతోంది. కేసవుతుందని భయపడి పిల్లను ఇంట్లోనే దాచుకున్న తల్లిదండ్రులున్నారు. ఒక ప్రైవేటు ఆసుపత్రి గేటు దగ్గరే తిప్పి పంపేసిన కుటుంబమూ ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నం మీద పాత 309 సెక్షన్ నేరమే లేదు. చట్టం మారింది, గేటు దగ్గర కూర్చునే మనిషికి ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు పేచీ. డాక్టర్ సాబ్ ఎవరికీ జబ్బు పేరు చెప్పేవారు కాదు. ‘నీది పచ్చి మనసు, తోలు కట్టాలె’ అనేవారు. అందంగానే ఉంది. కానీ ఆకుకూరలమ్మ కూతురు పంతొమ్మిదో ఏట ఆ పేరును ఫోన్లో తనే వెతికి పట్టుకుంది. మోసకారులు, వాడుకుని వదిలేస్తారు అని అపరిచితులు రాసిన రాతలు చదువుకుని మూడు రాత్రులు ఏడ్చింది. పేరు మన నోటితో, దాని పక్కనే ఆ 93 శాతం లెక్కతో చెప్పి ఉంటే ఆ మూడు రాత్రులు ఉండేవి కావు. ఈ ఒక్క విషయంలో ఆయన తప్పు, ఆయన ఎదుటే అన్నాను కాబట్టి ఇక్కడా అంటున్నాను.

పది నిమిషాలు థెరపీ ఎలా అవుతుందని నా తోటి మనోవైద్యులు అడుగుతారు. కాదు. పూర్తి లైనహన్ చికిత్స అంటే వారానికో ముఖాముఖి, ఇంకో రెండు గంటల పైచిలుకు గ్రూపు తరగతి, సాధారణంగా ఏడాది. అది నేర్చిన కౌన్సెలర్లు ఎక్కువగా బంజారాహిల్స్ వైపు ఉంటారు. మాదన్నపేట నుంచి రెండు బస్సులు, ఒక రోజు కూలీ, ఆపైన ఫీజు. రోగి వెళ్లలేని చోట ఉన్న మంచి వైద్యం ఎంత మంచిదో లెక్కేయడం నాకు చేతకాదు. పట్టణ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం యాభై వేల మందికి ఒకటని లెక్క. 2018 నుంచి బస్తీ దవాఖానాలు వచ్చాయి. కౌమార ఆరోగ్య క్లినిక్కులు 2014 పథకంలోనే ఉన్నాయి. విజయవాడ, ఢిల్లీ మురికివాడల్లో పిల్లల డిప్రెషన్‌నూ, తమను తాము గాయపరచుకోవడాన్నీ ఆశా కార్యకర్తలూ స్థానిక డాక్టర్లూ ముందే పట్టుకోగలరా అని ఆర్టెమిస్ అనే అధ్యయనం మొదలైంది. జింబాబ్వేలో డిక్సన్ చిబండా 2006లో అవ్వలను బెంచీల మీద కూర్చోబెట్టారు, 2016లో ఆ బెంచీ పనిచేస్తోందని పరీక్షలో తేలింది. బెంచీలు మనకూ ఉన్నాయి.

లేనిదల్లా ఆ బెంచీ దగ్గర రెండోసారి కూడా అదే మనిషి కనిపించడం. కాంట్రాక్టు డాక్టర్ మారతాడు, నర్సును వేరే కేంద్రానికి వేస్తారు, పిల్ల టోకెన్ పట్టుకుని కొత్త ముఖం ముందు మొదటి నుంచి చెప్పుకోవాలి. బీపీ రోగికి ఇది విసుగు. ఈ పిల్లకు, జబ్బు ఏ భయం చూపిస్తోందో అదే నిజమని సర్కారు ముద్ర వేసి చెప్పడం. నేను అడుగుతున్నది కొత్త భవనం కాదు. ఒక పిల్లకు ఏడాది పాటు ఒకే మనిషి, డాక్టరే కానక్కర్లేదు, ఏఎన్ఎం అయినా సరే. ఆ మనిషికి బదిలీ వస్తే మూడు వారాల ముందు ఒక చీటీ.

ఆ చీటీ ఎలా రాయాలో ఆయన నాకు చూపించారు. తన జబ్బు తిరగదని తెలిశాక నన్ను పిలిచి మూడు గురువారాలు ఆ గదిలోనే పక్కన కూర్చోబెట్టుకున్నారు. మొదటి వారం నేను మాట్లాడకూడదు. రెండో వారం ఇద్దరం. మూడో వారం ఆయన మాట్లాడలేదు. పదకొండు మందికీ పదకొండు చీటీలు రాశారు: ఇక నేను రాను, మేడమ్ ఉంటారు, రోజు అదే, వేళ అదే. చేతులు వణుకుతున్నా ముద్ర మాత్రం తనే వేశారు. తొమ్మిది మంది నా దగ్గరికి వచ్చారు. ఇద్దరు రాలేదు.

నేనిప్పుడు గురువారాలు కూర్చునేది రెండు సందుల అవతల ఒక గదిలో. పాత దవాఖానా బోర్డు దించేశారు, గది ఇంకా ఎవరికీ అద్దెకివ్వలేదు. కాంపౌండర్ భాయ్ మాత్రం గురువారం రెండున్నరకు షట్టర్ ఎత్తుతాడు, దారి తప్పి వచ్చినవాళ్లుంటే నా దగ్గరికి పంపడానికి. మొన్న ఆ రాని ఇద్దరిలో ఒకడు, పిడికిలి మీద కుట్ల మచ్చలున్న కుర్రాడు, వచ్చి గుమ్మంలో నిలబడ్డాడట. డాక్టర్ సాబ్ లేరని తెలుసు, కాసేపు కూర్చోవచ్చా అని అడిగాడట. భాయ్ ఏమీ అనకుండా లేచి ఫ్యాన్ వేశాడు.